గాలిపై నిలిచిన కారు

ఇటీవల మాకు అందిన జాబులలో ఒకటి హైదరాబాదు శ్రోత ఒకరు వ్రాసినది. వారు 2003వ సంవత్సరమున తయారైన మెర్సిడీస్ బెంజ్ ఎస్ క్లాసు కారు నొకదానిని సెకండుహ్యాండున కొనిరి. రాత్రి షెడ్డులో నిలుపునప్పుడు కారు నాలుగు చక్రములపై సమముగా నుండును. తెల్లవారుసరికి ముందువైపు ఎడమ మూల క్రుంగి, చక్రము మడ్‌గార్డులోనికి దూరినట్లుండును. ఇంజను నడిపిన రెండు మూడు నిమిషములలో ఆ మూల తనంత తానే పైకి లేచును. "తిరిగి లేచుచునే యున్నది గదా, మరమ్మతును ఇంకొక సంవత్సరము వాయిదా వేయవచ్చునా?" అని వారి ప్రశ్న.

వేయరాదు. ఆ లేచుటయే ఆ కారునకు కీడు చేయుచున్నది. ఇది విపరీతముగా తోచవచ్చును గాని, ఆ కారు దేనిపై నిలిచియున్నదో తెలిసినచో విషయము తేటపడును.

సామాన్యమైన కార్లు ఉక్కు స్ప్రింగులపై నిలుచును. ఉక్కు స్ప్రింగుతో ఒక చిక్కున్నది. అది మెత్తగా నున్నచో గతుకులను మ్రింగును గాని, వెనుక ముగ్గురు కూర్చుండి డిక్కీలో సామాను వేసినంతనే కారు తోక నేలకు దిగును. గట్టిగా నున్నచో బరువునకు తట్టుకొనును గాని, ఒంటరిగా పోవు యజమాని నడుము పట్టుకొనును. ఏ కారు తయారీదారైనను ఈ రెండింటి నడుమ ఎక్కడనో రాజీపడవలసినదే. గాలి స్ప్రింగులో ఈ రాజీ అక్కరలేదు. గట్టి దారములు పేర్చిన రబ్బరు తిత్తిలో గాలిని బంధించి, దానిపై కారు నుంచెదరు. బరువు పెరిగినప్పుడు తిత్తిలోనికి మరికొంత గాలిని పంపిన చాలును. కారు మునుపటి ఎత్తుననే నిలుచును, మెత్తదనమును పెద్దగా మారదు.

ఒక లెక్క చూతము. ఒక చక్రముపై పడు బరువు 450 కిలోలనుకొందము. తిత్తి యందు ఆ బరువును మోయు వైశాల్యము 64 చదరపు సెంటీమీటర్లైనచో, లోపలి గాలి చదరపు సెంటీమీటరునకు దాదాపు 7 కిలోల పీడనముతో నుండవలయును. ఆ చక్రముపై మరి 90 కిలోలు పడినచో పీడనము 8.4 కిలోలకు పెరిగిన చాలును. కారు టైరులో మనము నింపు గాలి రెండుంబావు, రెండున్నర కిలోల పీడనమునకు మించదు. అనగా చేతి వ్రేళ్లతో వంచదగిన పలుచని రబ్బరు, టైరులోని పీడనమునకు మూడు నాలుగు రెట్లు పీడనమును రేయింబవళ్లు అదిమిపట్టియున్నదన్నమాట. కారు నడుచునంతసేపు ఆ రబ్బరు తన అంచుపై తాను మడతపడుచు, విప్పుకొనుచు, ప్రతి గతుకునకు ఒకసారి వంగుచుండును.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1953లో బస్సులకు గాలి స్ప్రింగులమర్చిరి. 1957లో వారి కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ అను మిక్కిలి ఖరీదైన కారు ఈ ఏర్పాటుతో వెలువడినది. బస్సులలో అది కుదురుకొన్నది, కారులో కుదురలేదు. గాలి కారుచుండుటచే విసిగి, ఆ కార్ల యజమానులు అనేకులు దానిని ఊడబెరికి ఉక్కు స్ప్రింగులు వేయించుకొనిరి. 1961లో మెర్సిడీస్ వారు 300 ఎస్‌ఇ అను కారులో గాలి స్ప్రింగులను ప్రవేశపెట్టిరి. మన బస్సుస్టాండులలో వోల్వో బస్సు వచ్చి ఆగినప్పుడు వినవచ్చు దీర్ఘమైన నిట్టూర్పును శ్రోతలు ఎరుగుదురు. దానిలో బ్రేకుల గాలి కొంత, స్ప్రింగుల గాలి కొంత. బస్సునకు గాలి స్ప్రింగు నప్పుటకు కారణము తేలికయే. అక్కడ తిత్తి పెద్దది, బయటికి కనబడునది, విడిగా మార్చదగినది. కారులో చోటు లేదు. కావున స్ప్రింగును, కుదుపు నణచు షాక్ అబ్సార్బరును ఒకే గొట్టములో ఇమిడ్చిరి. అదే స్ట్రట్టు. ఒక భాగము చెడినచో సాధారణముగా రెండును కలిపి మార్చవలసి వచ్చుటకు ఇదియే మూలము.

మన శ్రోత కొన్న నమూనాకు డబ్ల్యు 220 అని సంకేతము. అది 1998లో వెలువడి 2005 వరకు తయారైనది. దానిలోని గాలి ఏర్పాటునకు ఎయిర్‌మ్యాటిక్ అని పేరు. ఎస్ 600 వంటి పై తరగతి కార్లలో నూనె పీడనముతో పనిచేయు వేరొక ఏర్పాటున్నది. దాని సంగతి ఇచ్చట ప్రస్తావించము. ఎయిర్‌మ్యాటిక్ కారులో నాలుగు చక్రములకు నాలుగు స్ట్రట్టులు. ముందు కుడి చక్రపు సమీపమున విద్యుత్తుతో నడుచు చిన్న కంప్రెసరు. గాలిని నిలువచేయు తొట్టి. ఏ స్ట్రట్టునకు ఎంత గాలి పోవలెనో పంచిపెట్టు వాల్వుల పెట్టె. కారు ఎత్తును కొలుచు సెన్సార్లు. వీటన్నిటిని శాసించు కంట్రోలు యూనిట్టు. ఇవి కలిసి పనిచేయునంతకాలము ఆ కారు ప్రయాణము తెప్పపై సాగినట్లుండును. ఆ సుఖమునకే ఆనాడు అంత వెల పెట్టి కొనిరి. నేడు అదే కారు ఒక కొత్త చిన్నకారు వెలకు, కొన్ని యెడల అంతకంటె తక్కువకు దొరకుచున్నది. వెల పడిపోయినది గాని, విడిభాగముల వెల కారుతోపాటు పడిపోలేదు. కొనువారు మొదట గ్రహింపవలసినది ఇదే.

ఇరువది యేండ్లు దాటిన రబ్బరు ఎట్లుండునో ఊహింపవచ్చును. ఎండ వేడిమి, ఇంజను వేడిమి, గాలిలోని ఓజోను, రోడ్డు దుమ్ము, ఇవన్నియు కలిసి దానిని పెళుసు చేయును. మడతపడు చోట సన్నని నెరియలు పుట్టును. మొదట గాలి కొద్దిగా కారును. చలి రాత్రులలో రబ్బరు బిగుసుకొనుటచే ఎక్కువగా కారును. ఉదయము కంప్రెసరు మేల్కొని, పోయిన గాలిని నింపును. యజమానికి లోపము కనబడదు.

ఇక్కడనే అసలు నష్టము. ఆ కంప్రెసరు అప్పుడప్పుడు కొద్ది క్షణములు నడచుటకై చేయబడినది గాని, గంటల తరబడి పనిచేయుటకు గాదు. స్ట్రట్టు కారుచున్నప్పుడు అది పదేపదే నడచి కాగిపోవును; దాని లోపలి పిస్టను రింగు అరగిపోవును. ఇంకొకటి, చాలమంది మెకానిక్కులు కూడ గమనింపనిది. కంప్రెసరు వెంట గాలిలోని తేమను పీల్చుకొను పదార్థము నిండిన చిన్న గొట్టమున్నది. కారును దింపుటకు గాలిని బయటికి వదలినప్పుడు, ఆ పొడిగాలి ఈ గొట్టము గుండ వెనుకకు పోవుచు, అందులో చేరిన తేమను తనతో కొనిపోవును. అనగా ఆ పదార్థము తన్ను తాను ఆరబెట్టుకొనును. గాలి స్ట్రట్టు నెరియ నుండి బయటికి పోయినచో ఈ తిరుగు ప్రయాణము జరుగదు. తేమ లోపలికి వచ్చుచునే యుండును గాని వెలుపలికి పోవుటకు దారి యుండదు. కొన్నాళ్లకు ఆ పదార్థము తడిసి ముద్దయగును, నీరు వాల్వులలోనికి చేరును, తుప్పు పట్టును. మరియొకవైపు, కంప్రెసరును నడుపు రిలే మాటిమాటికి కలిసి విడిపోవుటచే దాని ముఖములు కాలి, ఒకనాడు అతుక్కొనిపోవచ్చును. అప్పుడు కంప్రెసరు ఆగుటయే మరచి, కాలిపోవువరకు నడుచును.

మా పరిచితులొకరి కారు విషయమున ఇట్లే జరిగినది. ముందు మూల క్రుంగుచున్నదని ఒక వర్కుషాపునకు తీసికొనిపోయిరి. కంప్రెసరు చెడినదని చెప్పి, వారు కొత్తది వేసిరి. చెడిన మాట నిజమే. కారు లేచినది. నాలుగు మాసములకు కొత్త కంప్రెసరును కాలిపోయినది. మరల కొత్తది వేసిరి. మూడవ పర్యాయము వేరొక ముసలి మెకానిక్కు వద్దకు పోగా, అతడు సబ్బునీటి బుడ్డిని తెచ్చి స్ట్రట్టు మడతపై చిలుకరించి, లేచిన బుడగలను వ్రేలితో చూపి ఊరకుండెను. రెండు కంప్రెసర్లకు పెట్టిన సొమ్ముతో మంచి స్ట్రట్టు వచ్చియుండెడిది. ఫ్యూజు కాలిన కారణము వెదకక ఫ్యూజును మాత్రమే మార్చువారిని మా స్టూడియోలలోను మేమెరుగుదుము. వారిని తప్పుపట్టుట తేలిక, అర్ధరాత్రి ప్రసారము ఆగినప్పుడు మేమును ఆ పనియే చేసితిమి.

కావున మొదట లోపము ఎక్కడనో నిశ్చయింపవలయును. దీనికి యంత్రమేదియు అక్కరలేదు, టేపు చాలును. రాత్రి కారును సమమైన నేలపై నిలిపి, ప్రతి చక్రపు నడిబొడ్డు నుండి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలిచి వ్రాసికొనవలెను. ఉదయము తలుపు తెరువక మునుపే మరల కొలువవలెను. తలుపు తెరచినంతనే కొన్ని కార్లలో కంట్రోలు యూనిట్టు మేల్కొనును. ఒకే మూల దిగినచో ఆ మూల స్ట్రట్టును గాని, దాని గొట్టపు అతుకును గాని అనుమానింపవలెను. ముందు రెండు మూలలు సమముగా దిగినచో వాల్వుల పెట్టెను కూడ పరీక్షింపవలెను. ఏ మూలయు దిగక, ఉదయము కారు ఎత్తు పెరుగుట మాత్రము నిలిచిపోయినచో కంప్రెసరును, రిలేను చూడవలెను. పిదప సబ్బునీరు. తిత్తి కొంత భాగము అల్యూమినియము కవచము వెనుక దాగియుండును గనుక బుడగలు కనబడకపోవుట లోపము లేదనుటకు సాక్ష్యము గాదు. కారును వేర్వేరు ఎత్తులలో నిలిపి చూడవలెను. కొన్ని నెరియలు ఒక ఎత్తున మూసికొని వేరొక ఎత్తున తెరచుకొనును.

ఇక స్ట్రట్టు మార్చు పని. దీనిని ఇంటివద్ద చేసికొను నేర్పరులు కలరు. ఐనను వారికిని, వారికంటె ఎక్కువగా కూలికి ఆ కారు క్రింద దూరు కుర్రవానికిని ఒక మాట చెప్పక తప్పదు. గాలిపై నిలిచిన కారు క్రిందికి ఎవరును పోరాదు. ఉక్కు స్ప్రింగు విరిగినను కారు కొంత ఎత్తున ఆగును. తిత్తి పగిలినను, గొట్టము ఊడినను రెండు టన్నుల కారు ఆ మూల ఒక్కసారిగా నేలకు దిగును. క్రిందనున్నవానికి మిగులు చోటు మనిషి రొమ్ము మందము కూడ ఉండకపోవచ్చును. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. కారును జాకీతో ఎత్తి, కర్మాగారమువారు చూపిన చోటులలో గట్టి స్టాండులు పెట్టి, దానిని కదిపి చూచి, ఆ తరువాతనే చేయి లోపలికి పెట్టవలెను. ఇంజను నడుచుచుండగా గాని, తాళపుచెవి తిప్పియుండగా గాని జాకీ ఎత్తరాదు. చక్రము వ్రేలాడుట చూచి, కారు మిక్కిలి ఎత్తున నున్నదని భ్రమించి కంట్రోలు యూనిట్టు ఆ మూల గాలిని వదలవచ్చును.

గాలిని పరీక్షా యంత్రము ద్వారా వదలుట మేలైన పద్ధతి. అది లేనిచోట గొట్టపు నట్టును మెల్లమెల్లగా వదులుచేసి, బుస్సుమను చప్పుడు పూర్తిగా ఆగువరకు వేచియుండవలెను. కన్నులకు అద్దములు తప్పనిసరి. స్ట్రట్టు తలపై కొంత గాలిని లోపలనే నిలుపు వాల్వు ఉన్నది గనుక, గొట్టము ఊడినంత మాత్రమున తిత్తి ఖాళీ యైనదని అనుకొనరాదు. పాత స్ట్రట్టును కోసి చూడవలెనను కుతూహలము కొందరికి కలుగును. దానిని మానుకొనుట మంచిది.

తరువాతి పని మామూలు షాక్ అబ్సార్బరు మార్చుటవంటిదే. షాకును మెత్తగను గట్టిగను మార్చు విద్యుత్ తీగను ఊడదీయవలెను. బానెట్టు క్రింద పై నట్లు, చక్రమువైపు క్రింది బోల్టు విప్పవలెను. చక్రపు ముంగాలు ప్రక్కకు వాలునప్పుడు దాని బరువు బ్రేకు గొట్టముపైనను, సెన్సారు తీగపైనను పడకుండ తాడుతో కట్టవలెను. కొత్త స్ట్రట్టును పెట్టెనుండి తీయునప్పుడు తిత్తిని పట్టుకొని ఎత్తరాదు, దానిని మెలిపెట్టరాదు. గొట్టపు కొస గీతలుపడి యున్నచో పదునైన బ్లేడుతో నిలువుగా, సమముగా కోసి, కొత్త అతుకుతో బిగింపవలెను. పాత సీలును తిరిగి వాడి అర్ధరూపాయి ఆదా చేయువారు అదే గాలి కారుటను మరల కొనుచున్నారు. ఈ అతుకునకు బలము పనికిరాదు. ఇత్తడి మర ఒక్క అదనపు త్రిప్పుతో పాడగును.

అన్నిటికంటె ఎక్కువగా చెడు పని చివర జరుగును. అంతయు బిగించిన తృప్తితో మెకానిక్కు చక్రము వేసి, జాకీ దింపును. గాలి లేని తిత్తిపై కారు బరువు పడును. రబ్బరు మడత వంకరగా నలిగి, గొట్టమునకు లోహమునకు నడుమ చిక్కుకొనును. కొత్త స్ట్రట్టు కారు కదలకమునుపే పాడగును. గాలి మొదట, బరువు తరువాత: ఈ క్రమము తప్పరాదు. కారు ఇంకను స్టాండులపై నుండగనే పరీక్షా యంత్రముతో స్ట్రట్టులోనికి గాలిని పంపి, తిత్తి గుండ్రముగా, మడత సమముగా తీరినదని కన్నులతో చూచి, సబ్బునీటితో అతుకును పరీక్షించి, ఆ తరువాత కొంచెము కొంచెముగా దింపవలెను. రబ్బరు బుష్షులున్న క్రింది బోల్టులను కారు తన సహజమైన ఎత్తున నిలిచిన పిదపనే కడసారి బిగింపవలెను. వ్రేలాడుచుండగా బిగించినచో బుష్షు ఎల్లప్పుడు మెలిపడియుండి త్వరగా చినుగును. తుదకు కారు ఎత్తును యంత్రముతో సరిచేయించి, చక్రముల అలైన్‌మెంటు చూపించుకొనవలెను.

ఒకటి మార్చవలెనా, జంటగా మార్చవలెనా? కుడిది ఎడమది ఒకే దినమున పుట్టినవి, ఒకే దారిలో నడచినవి. ఒకటి పోయినచో రెండవది దాని వెనుకనే యుండును. సొమ్మున్నచో జంటగా మార్చుటయే మేలు. లేనిచో చెడినదానిని వెంటనే మార్చి, రెండవదానిని నెలకొకసారి టేపుతో కొలుచుచుండవచ్చును. కంప్రెసరు ఎంతకాలము శ్రమపడినదో తెలియనప్పుడు, స్ట్రట్టుతోపాటు రిలేను మార్చుట తప్పనిసరి. దాని వెల స్వల్పము. కొనునప్పుడు నాలుగు చక్రములకు శక్తి నందించు 4మ్యాటిక్ కారు స్ట్రట్టు వేరు, వెనుక చక్రములతో నడుచు కారు స్ట్రట్టు వేరు అని జ్ఞాపకముంచుకొనవలెను. కారు ఛాసిస్ నంబరు చెప్పక స్ట్రట్టు తెప్పించినవారు రెండుసార్లు తెప్పించెదరు. పాత కార్ల నుండి ఊడదీసిన స్ట్రట్టులు అంగళ్లలో చవకగా దొరకును. వాటి రబ్బరు వయస్సును మీ కారు రబ్బరు వయస్సే.

ఇవన్నియు ఏల, ఉక్కు స్ప్రింగులే వేయించరాదా అని కొందరందురు. వేయించవచ్చును. ఈ నమూనాకు అట్టి కిట్టులు దొరకుచున్నవి. హెచ్చరిక దీపము వెలుగకుండ చేయు చిన్న పరికరమును వాటితో ఇచ్చెదరు. నాడు కాడిలాక్ యజమానులు చేసినది ఇదే గనుక దీనిని అవమానముగా భావింపనక్కరలేదు. కారు పది సంవత్సరములు నిశ్చింతగా నడచిన చాలుననువారికి అది తగిన మార్గమే. కాని బరువునకు తగిన ఎత్తు, వేగమునకు తగిన మెత్తదనము పోవును. మిగులునది పెద్ద ఒడలుగల మామూలు కారు. ఆ కారును ఆ నడకకై కొన్నవారు మాత్రము గాలినే నమ్ముకొనుట మా దృష్టిలో ఉచితము.

మన శ్రోతకు జాబు వ్రాసితిమి. ఈ రాత్రికి టేపు తీసికొని కొలువుడని, రేపు ఉదయము ఇంజను తాకక మునుపే మరల కొలువుడని, ఆ మూల నిజముగా దిగినచో స్ట్రట్టు వచ్చువరకు కారును షెడ్డులోనే నిలిపి, బంపరు క్రింద పిల్లలను ఆడుకొననీయవలదని.